‘అది కూడా తెలియదా?’ అనే ముందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో పాత లాప్‌టాప్‌లో లినక్స్ (విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ) వేసుకోవడం గురించి రాస్తూ, మధ్యలో చిక్కు వస్తే ఇంటర్నెట్ సహాయ వేదికల్లో అడగండి అని ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోయాం. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగిలిన వ్యాసమంతటికీ రాలేదు. అడిగి మాట పడ్డవారూ రాశారు, జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయినవారూ రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మీ వ్యాసం చదివి నా లాప్‌టాప్‌లో లినక్స్ ఇన్‌స్టాల్ చేశాను. అంతా బాగానే ఉంది కాని వైఫై రావడం లేదు. ఒక సహాయ వేదికలో ‘వైఫై పనిచేయడం లేదు, అర్జెంటుగా సహాయం చేయండి’ అని ఇంగ్లీషులో అడిగాను. మొదటి జవాబు ‘మాన్యువల్ చదువు’ అని వచ్చింది. రెండో ఆయన ఈ ప్రశ్న వందసార్లు వచ్చిందని, వెతుక్కోవడం కూడా చేతకాదా అని అన్నారు. మూడో ఆయన నా ఇంగ్లీషును వెక్కిరించారు. పావుగంటలో నా ప్రశ్నను మూసేశారు. తప్పు నాదేనా అండీ? మళ్ళీ అడగవచ్చా, లేక విండోస్ వేసేసుకోమంటారా?
– ఇంజనీరింగ్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, నరసరావుపేట

జవాబు: తప్పు మీదే అనడం సులువు, ఎందుకంటే జవాబు చెప్పడానికి కావలసిన సమాచారం మీ ప్రశ్నలో ఏదీ లేదు. లాప్‌టాప్ మోడల్ ఏమిటో, మీరు వేసుకున్న లినక్స్ రకం ఉబుంటునో ఫెడోరానో డెబియనో, వైఫై గుర్తు అసలు కనిపించడం లేదో లేక కనిపించి కూడా కనెక్ట్ కావడం లేదో మీరు రాయలేదు. అయితే ఇవన్నీ రాయాలని మీకు అంతకుముందు ఎవరు చెప్పారు? లాప్‌టాప్ మూత మీద ఉన్న కంపెనీ పేరూ లోపలి వైఫై చిప్ తయారుచేసిన కంపెనీ పేరూ ఒకటి కాకపోవచ్చునని, ఆ చిప్‌ను నడిపే డ్రైవర్ వేరు, చిప్‌లోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ వేరు అని తెలిసినవారు మీలాగా అడగరు; ఆ మాటలు తెలిసిన మనిషి సగం జవాబును తానే వెతికి పట్టుకుంటాడు. ప్రశ్నను సరిగా అడగడం ఆ విద్యలో కొంత దూరం నడిచాక వచ్చేదే తప్ప, లోపలికి రావడానికి గుమ్మం దగ్గర చూపించవలసిన టికెట్టు కాదు. కడుపులో ఏదోలా ఉందని వచ్చిన రోగిని, ఏ అవయవమో తేల్చుకుని రమ్మని వెనక్కి పంపే వైద్యుడు ఉండడు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, రాత్రి ఏం తిన్నావు అని ఆయనే అడుగుతాడు. మీకు జవాబిచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా ‘లాప్‌టాప్ ఏ మోడల్?’ అని అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం మీకు ఉండేది కాదు.

మాన్యువల్ చదవమనడం ఈ లోకంలో పాత ఆచారం. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ అనే ఇద్దరు, సాంకేతిక ప్రశ్నలను తెలివిగా ఎలా అడగాలో వివరిస్తూ ఒక పెద్ద వ్యాసం రాశారు. ముందు వెతకండి, ఏం చేశారో చెప్పండి, వచ్చిన ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు ఇవ్వండి అని అందులో ఉన్న సలహాలు ఇప్పటికీ పనికొచ్చేవే. చిక్కల్లా ఆ వ్యాసం లింకునే జవాబుగా కొత్తవారి ముఖాన విసరడం అలవాటు కావడంతో వచ్చింది. అలా విసిరేవారిలో చాలామంది దాన్ని చివరిదాకా చదివినట్టు లేదు, ఎందుకంటే జవాబిచ్చేవారు ఎలా మెలగాలో చెప్పే భాగం ఒకటి చివర్లో ఉంది. సమస్యలో చిక్కుకున్న మనిషి ఆ ఒత్తిడిలో మొరటుగానో తెలివితక్కువగానో కనిపించవచ్చు కాబట్టి మృదువుగా మాట్లాడమనీ, మొదటిసారి తప్పు చేసినవారికి నలుగురిలో కాకుండా విడిగా చెప్పమనీ అక్కడ స్పష్టంగా ఉంది.

ఇక మీ వైఫై విషయానికి వస్తే, అది మీ ఒక్కరి అజ్ఞానం కాదు. చాలా వైఫై చిప్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, తయారీదారులు బయటపెట్టరు. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం ప్రకారం ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కే కట్టుబడిన డెబియన్ ప్రాజెక్టు, ఆ కారణంగా అలాంటి ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. దాన్ని కలిపిన అనధికారిక ఇన్‌స్టాలర్ వేరే ఉండేది కాని, అలాంటిదొకటి ఉందని ముందే తెలిసినవారికి తప్ప కంటపడేది కాదు. దానితో కొత్తవారు డెబియన్ వేసుకోవడం, వైఫై లేక దిక్కుతోచక నిలబడటం, నెట్ రావడం లేదని అడిగితే నెట్‌లో ఉన్న మాన్యువల్ చదవమనిపించుకోవడం ఏళ్ళ తరబడి సాగింది. చివరికి 2022లో డెబియన్ సభ్యులు ఓటింగ్ పెట్టుకుని పద్ధతి మార్చారు. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అంటే ‘వందసార్లు వచ్చిన ప్రశ్న’ అని విసుక్కున్నది నిజానికి ఇన్‌స్టాలర్‌లో ఉన్న లోపాన్ని వందమంది వచ్చి చూపించడమే. ఒకే రాయి తగిలి అందరూ పడుతుంటే చూడవలసింది వాళ్ళ నడకను కాదు.

మళ్ళీ తప్పకుండా అడగండి. ముందుగా ఒక చిట్కా: ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగ్‌లలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలావరకు లినక్స్ దాన్ని వెంటనే గుర్తిస్తుంది, కాబట్టి తాత్కాలికంగా నెట్ వస్తుంది. ఆ తర్వాత టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అనే అక్షరాలను చిన్నబడిలో కలిపి టైపు చేసి ఎంటర్ కొడితే లోపలి చిప్‌ల జాబితా వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉన్న వరుసను యథాతథంగా కాపీ చేసుకోండి. అలాంటి వరుస లేకపోతే జాబితా మొత్తం ఇవ్వండి. ఆ వరుస, లాప్‌టాప్ మోడల్, లినక్స్ పేరు, వెర్షన్, మీరు ఇంతవరకు ప్రయత్నించినవి అన్నీ కలిపి పది వరుసల్లో రాయండి. ‘అర్జెంటు’ అనే మాట మాత్రం వద్దు. అక్కడ జవాబిచ్చేవారు జీతానికి చేసేవారు కారు. ఎక్కడో మరో దేశంలో, రాత్రి భోజనం ముగించుకుని, తమ తీరిక సమయంలో కూర్చుని రాస్తున్నవారు. మన తొందర వారికి హుకుంలా వినిపిస్తుంది. విండోస్ వేసుకోవడమా మానడమా అన్నది మీ ఇష్టం. ఒకే లాప్‌టాప్‌లో రెండూ ఉంచుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: నేను పన్నెండేళ్ళుగా ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు సహాయ వేదికలో ఆఫీసు పని అయ్యాక జవాబులు రాస్తున్నాను. నాకు పైసా రాదు. రోజూ అవే ప్రశ్నలు. పైన పిన్ చేసిన సూచనలు ఎవరూ చదవరు. ఈమధ్య ఒక కొత్త సభ్యుణ్ణి గట్టిగా మందలిస్తే, కొత్తవారి పట్ల దయగా ఉండాలని నాకే క్లాసు తీసుకున్నారు. ఉచితంగా పనిచేసేవాడు పైగా దయ కూడా చూపించాలా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. మీ పని ఆర్టీసీ బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చోవడం లాంటిది: తలపైనే నిలువెత్తు బోర్డు ఉన్నా, ప్రతివారూ వచ్చి తిరుపతి బస్సు ఎన్నింటికి అనే అడుగుతారు. ఆ కిటికీ వెనక మనిషికి జీతమైనా ఉంది, మీకు అదీ లేదు. ఓపెన్ సోర్స్ లైసెన్సులు దాదాపు అన్నీ ఈ సాఫ్ట్‌వేర్‌కు ఎలాంటి హామీ లేదని మొదటే చెబుతాయి, కాబట్టి మీరు ఎవరికీ ఏమీ బాకీ లేరు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగం ఆధారపడిన, సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ను కొద్దిమంది మాత్రమే చూసుకుంటున్నారనీ, దానికి ఏడాదికి అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లేననీ తెలిసి లోకం ముక్కున వేలేసుకుంది. మొరటుతనం అడిగేవారి వైపునుంచి వచ్చినా ప్రమాదమే. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టును ఒంటరిగా మోస్తున్న నిర్వాహకుణ్ణి, పని నెమ్మదిగా సాగుతోందని ముక్కూమొహం తెలియని ఖాతాలు పదేపదే నిలదీశాయి. ఆ ఒత్తిడి మధ్య సహాయకుడిగా చేరి నమ్మకం సంపాదించిన మరో ఖాతా, చివరికి దానిలో దొంగదారి పెట్టింది. లాగిన్ కావడానికి అరసెకను ఆలస్యం ఎందుకవుతోందా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి, 2024 మార్చి 29న ఆ సంగతి బయటపడింది.

కాబట్టి జవాబు చెప్పకుండా ఉండే హక్కు మీకు పూర్తిగా ఉంది. మందలించే హక్కు మాత్రం ఆ హక్కులోంచి పుట్టదు. రాత్రి పదింటికి ఒక ప్రశ్న చూసి ఒళ్ళు మండితే, కంప్యూటర్ కట్టేసి పడుకోవడం ఆ సమయంలో మీరు ఆ ప్రాజెక్టుకు చేయగల అతి పెద్ద సేవ. జవాబు లేని ప్రశ్నను రేపు మరొకరు అందుకుంటారు, చీవాట్లు తిన్న మనిషి మాత్రం తిరిగి రాడు. పైగా ఆ చీవాట్లను అతనొక్కడే చదవడు. అదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చి, ఏమీ అడగకుండా చదివి వెళ్ళిపోయేవారు ఎందరో ఉంటారు. అక్కడి మాటతీరు చూసి, ఇక్కడ మనం నోరు విప్పకపోవడమే మంచిదని వారు నిశ్చయించుకుంటారు.

ఈ విషయంలో నా చేతులూ శుభ్రంగా లేవు. చాలా ఏళ్ళ కిందట ఒకాయన, మాన్యువల్‌లో ఉన్నట్టే చేసినా ప్రింటరు కదలడం లేదని అడిగారు. మళ్ళీ చదవండి అని రెండే మాటలు రాసి పంపాను. ఆయన మళ్ళీ కనిపించలేదు. కొన్ని నెలల తర్వాత మరో పని మీద ఆ పేజీ తెరిచి చూస్తే, మాన్యువల్‌లో ఇచ్చిన కమాండే పాత వెర్షన్‌ది. ఆయన నిజంగానే చదివారు, చదివినట్టే చేశారు. చదవనిది నేను.

కటువుగా ఉంటేనే నాణ్యత నిలుస్తుందనే వాదానికి లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌ను ఉదాహరణగా చూపిస్తుంటారు. ఆయన తిట్లు ఎక్కువగా తిన్నది కొత్తవారు కాదు, ఏళ్ళ తరబడి ఆయనతో పనిచేసిన సీనియర్లే. అయినా 2018 సెప్టెంబరులో, తన మాటలు వృత్తికి తగనివిగా ఉన్నాయని ఒప్పుకుని క్షమాపణ చెప్పి, మనుషుల మనసులను అర్థం చేసుకోవడంలో సహాయం తీసుకుంటానంటూ ఆయన కొంతకాలం సెలవు పెట్టారు. ఆ విరామంలో లినక్స్ గుండెకాయ లాంటి భాగమైన కెర్నెల్ 4.19ను గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశారు. ఆ తర్వాత కెర్నెల్ నాణ్యత పడిపోయిందని నేనెక్కడా వినలేదు. నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ అంతకు ముందుది. 1991 జులై 3న, ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థిగా ఉన్న అదే టోర్వాల్డ్స్ మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చర్చా బృందంలో, ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణాల తాజా ప్రతి ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెబుతారా అని అడిగారు. ఇవాళ అలా అడిగితే ‘వెతుక్కోలేవా’ అనిపించుకునే ప్రశ్నే అది. ఆ కాలంలో పరిచయమైన అరి లెమ్కే, టోర్వాల్డ్స్ రాస్తున్న ప్రోగ్రామును ఉంచుకోవడానికి ఫిన్లాండ్‌లో ఫైళ్ళు పంచుకునే ఎఫ్‌టీపీ సర్వర్‌లో చోటిచ్చి, ఆ డైరెక్టరీకి లినక్స్ అని పేరు పెట్టారు. టోర్వాల్డ్స్ అనుకున్న పేరు ‘ఫ్రీయాక్స్’. ప్రశ్న అడిగిన కుర్రవాడు రేపు ఏమవుతాడో ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు.

దయ అంటే తీపి మాటలు కలపడం అనుకుంటే మీకు విసుగు రావడం సహజమే. సహాయ వేదికలో దయ అంటే పనికి సంబంధించిన విషయం. పదేపదే రాసే జవాబును ఒకసారి శ్రద్ధగా రాసి దాచుకుని, అవసరమైనప్పుడు అతికించండి. శ్రద్ధగా రాసింది కాబట్టి అందులో మీ ఈ రోజు విసుగు ఉండదు. లింకు ఇస్తే ఆ పేజీలో ఏ భాగం చదవాలో కూడా చెప్పండి. మొదటి జవాబులోనే ఏడు వివరాలు అడగకుండా, అన్నిటికంటే ముందు కావలసిన ఒక్కటి అడగండి. ‘సింపుల్’, ‘జస్ట్ ఇలా చేస్తే చాలు’ వంటి మాటలు తీసేయండి, ఎందుకంటే ఆ సింపుల్ పని చేతకానివారికి అవి చెంపదెబ్బలు. న్యూయార్క్‌లో ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే రికర్స్ సెంటర్ అనే చోట ఒక నియమం ఉంది: ఎవరికైనా ఏదైనా తెలియదంటే ఆశ్చర్యం నటించకూడదు. మన భాషలో చెప్పాలంటే, ‘అయ్యో, అది కూడా తెలియదా?’ అనకూడదు. ఆ మాట వల్ల విన్నవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అన్నవారికి తెలుసునని మాత్రం నలుగురికీ తెలుస్తుంది.

మీరు మందలించిన సభ్యుడికి ఏం రాసి ఉండవచ్చునో కూడా చెబుతాను. ‘పిన్ చేసిన సూచనలు చదవకుండా ప్రశ్నలు వేయకండి’ అనడానికి బదులు ‘ఈ సమస్య తరచుగా వస్తుంది. పైన పిన్ చేసిన పేజీలో మూడో అంశం చూడండి. అది చేశాక కూడా రాకపోతే, వచ్చిన ఎర్రర్‌ను ఇక్కడ అతికించండి’ అంటే సరిపోతుంది. మీ సమయం పది సెకన్లు ఎక్కువ ఖర్చవుతుంది, అతను చేయవలసిన పని మాత్రం ఏమీ తగ్గదు. పన్నెండేళ్ళ తర్వాత ఇది కూడా బరువుగా అనిపిస్తే ఆరు నెలలు సెలవు తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అను ఫాంట్లలో టైపు చేసి ఉన్న నా పాత వ్యాసాలు దానిలో తెరిస్తే పిచ్చి అక్షరాలుగా కనిపిస్తున్నాయి. అడుగుదామంటే అక్కడంతా ఇంగ్లీషు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మొదలుపెట్టి ఒకసారి రాస్తే, దేన్ని నమ్మడం లేదు మీరు అని ఒక విదేశీయుడు ఎదురు ప్రశ్న వేశాడు. నాకు అర్థం కాలేదు.
– తెనాలి

జవాబు: మాస్టారూ, ఆయన వెటకారం చేయలేదు. మన ‘సందేహం’ అనే మాటలో తెలుసుకోవాలనే ప్రశ్నా ఉంది, నమ్మకం లేకపోవడమూ ఉంది. తరగతి గదిలో పిల్లలు ‘డౌటు సార్’ అంటే మొదటి అర్థమే. ఇంగ్లండులోనో అమెరికాలోనో డౌట్ అంటే ఎక్కువగా రెండో అర్థమే వినిపిస్తుంది. ఈసారి ‘క్వశ్చన్’ అని రాయండి. మన దేశం నుంచి వచ్చే ప్రశ్నలు చదివేవారు కూడా ఆ ఒక్క ముక్క తెలుసుకుంటే చాలా అపార్థాలు తప్పుతాయి. అలాగే మనం నమస్కారం చెప్పి, అవతలివారు పలికేదాకా ఆగి, తర్వాత విషయంలోకి వెళ్ళడం మర్యాద అనుకుంటాం. చాట్ గదుల్లో నమస్కారమూ ప్రశ్నా ఒకే సందేశంలో రాసేయాలి, లేకపోతే మీ నమస్కారం అలా గాలిలో ఉండిపోతుంది.

ఇంగ్లీషు గురించి బెంగ పడకండి. చిన్న చిన్న వాక్యాలు చాలు. ఎర్రర్ సందేశాన్ని మాత్రం అనువదించకుండా ఉన్నదున్నట్టు ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ తెలుగులో పెట్టుకుని ఉంటే, ఒక్కసారి ఇంగ్లీషులోకి మార్చి చూసి రాయండి.

మీ సమస్యలో విచిత్రం ఏమిటంటే, ఆ వేదికలోని నిపుణులకు అను ఫాంట్ల సంగతి తెలిసే అవకాశం తక్కువ. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న అంతర్జాతీయ సంకేత పద్ధతి) తెలుగులో ‘క’ అనే అక్షరానికి దాని స్థానం దానికి ఉంటుంది. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి చూపిస్తాయి కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వెనక ఉన్న పిచ్చి అక్షరాలు బయటపడతాయి. ఇది లిబ్రేఆఫీస్ లోపం కాదు; ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. తెలుగు డీటీపీ లోకంలో ఇది అందరికీ తెలిసిన తలనొప్పి కనుక, అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాల గురించి తెలుగువారి మధ్య అడగడమే దగ్గరి దారి. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల వారు మీ ప్రశ్నను తెలుగులోనే చదవగలరు. అంతర్జాతీయ వేదికలో అడగవలసి వస్తే ఒక స్క్రీన్‌షాట్ పెట్టి, ఇప్పుడు చెప్పినదాన్ని రెండు వాక్యాల్లో వివరించండి. ఇక్కడ పాఠం చెప్పేవారు మీరు, కొత్త విద్యార్థి ఆయన. కొత్తగా టైపు చేయడానికైతే లినక్స్‌లో ఐబస్ అనే సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ వంటి తెలుగు కీబోర్డు పద్ధతులన్నీ దొరుకుతాయి. వీటిలో ఏది వాడినా వచ్చేది యూనికోడే.

ప్రశ్న: నేను ఎం.సి.ఎ. చదువుతున్నాను. నా సొంత పేరుతో ప్రశ్న అడిగితే జవాబు కంటే ముందు ప్రైవేటు మెసేజ్‌లు వస్తున్నాయి. అబ్బాయి పేరుతో అడిగితే ‘బ్రో’ అంటూ నేరుగా జవాబు ఇస్తున్నారు. పేరు మార్చుకోవడం తప్పా?
– విశాఖపట్నం

జవాబు: తప్పు కాదు, మీ భద్రత మీ ఇష్టం. తప్పు ఆ మెసేజ్‌లు పంపేవారిదీ, పంపనిచ్చేవారిదీ. అలాంటి మెసేజ్‌లను తొలగించకుండా దాచి, ఆ ప్రాజెక్టు ప్రవర్తనా నియమావళిలో ఇచ్చిన చిరునామాకు పంపండి. 2018లో లినక్స్ కెర్నెల్ కూడా స్వీకరించిన నియమావళికి ఆధారం, కొరలైన్ అడా ఎమ్కే 2014లో రాసిన ‘కంట్రిబ్యూటర్ కవనెంట్’. వేల ప్రాజెక్టులు దాన్నే వాడుతున్నాయి. నియమావళి లేని చోట, ఉన్నా చిరునామా ఇవ్వని చోట సమయం వృథా చేసుకోకండి.

ఆడవారికి ఆసక్తి లేదు కాబట్టే రారు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. 2006లో విద్యార్థులతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కోసం, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వస్తే, వాటిలో ఒక్కటీ స్త్రీలది కాదు. అదే ప్రాజెక్టు, అదే వేసవిలో, స్త్రీలను ప్రత్యేకంగా ఆహ్వానిస్తూ మరో కార్యక్రమం ప్రకటిస్తే వందకు పైగా వచ్చాయి. ఆసక్తి ఎక్కడికీ పోలేదు, పిలుపు చేరలేదంతే. ఆ ప్రయత్నమే తర్వాత అవుట్‌రీచీగా ఎదిగింది. భృతితో ఇంటి నుంచే చేసే ఆ ఇంటర్న్‌షిప్‌లకు భారతదేశం నుంచి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, ఒకసారి చూడండి.

ప్రశ్న: మా కళాశాల లినక్స్ బృందానికి టెలిగ్రామ్‌లో నేనే అడ్మిన్. జూనియర్లు అసైన్‌మెంటు ప్రశ్నలు ఫొటో తీసి పెట్టి ‘అన్నా, కోడ్ పంపవా’ అంటారు. పంపకపోతే కఠినంగా ఉన్నానంటారు. ఏం చేయాలి?
– వరంగల్

జవాబు: కోడ్ పంపకండి. ‘నువ్వు ఇంతవరకు రాసింది చూపించు తమ్ముడూ, ఎక్కడ ఆగిందో చూద్దాం’ అనండి. నిజంగా నేర్చుకోవాలనుకునేవారు ఒక వరుసైనా రాసి తెస్తారు, మిగిలినవారు మరో అన్నను వెతుక్కుంటారు. చిరాకు లేకుండా కాదనడం మొరటుతనం కిందికి రాదు.

కొత్తవారి పేరుతో ఏం చేసినా చెల్లుతుందనే ధోరణికి హద్దు ఉండాలని మన విద్యార్థులే ఒకసారి గట్టిగా గుర్తు చేశారు. 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు ప్రోత్సాహంగా జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు (ప్రాజెక్టు కోడ్‌లో మార్పు ప్రతిపాదనలు) పంపితే టీషర్టు వస్తుందన్నారు. అది సంపాదించడం ఎంత తేలికో చూపించే ఒక భారతీయ యూట్యూబ్ వీడియో చూసి, ప్రాజెక్టుల రీడ్‌మీ (పరిచయ) ఫైళ్ళలో ఒక మాట చేర్చి పంపినవారి తాకిడికి ఆ ప్రాజెక్టుల వారు తట్టుకోలేకపోయారు. మూడో తేదీకల్లా, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని నిర్వాహక సంస్థ నియమం మార్చుకోవలసి వచ్చింది. ఆ కుర్రవాళ్ళలో చాలామందికి ఆ పని అవతల ఒక మనిషి సాయంత్రాన్ని మింగేస్తుందని చెప్పినవారే లేరు. మీ బృందంలో చేరినవారికి మొదటి రోజే ఆ సంగతి చెప్పండి.

ఇంకొకటి, జూనియర్లకు సరదాకి కూడా ఫైళ్ళు చెరిపే కమాండ్లు ఇచ్చి టైపు చేయమనకండి. లినక్స్‌లో ఫైళ్ళు చెరిపే గ్నూ వారి ఆర్‌ఎం కమాండ్ ఇప్పుడు మూల డైరెక్టరీని (మొత్తం వ్యవస్థ ఉండే చోటును) నేరుగా చెరపడానికి ఒప్పుకోదు కాని, హోమ్ ఫోల్డర్‌ను, అందులో ఉన్న ప్రాజెక్టు రిపోర్టును నిమిషంలో తుడిచేస్తుంది. అలా చేసినవారిని హెచ్చరిక లేకుండా తొలగించండి. ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండమనే నా సలహా.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు? చాట్‌జీపీటీని అడిగితే పోదా? అది తిట్టదు కదా!
– నిజామాబాద్

జవాబు: అడగండి, మేమూ అడుగుతున్నాం. ఎంత మొద్దు ప్రశ్న వేసినా అది ఓపికగా జవాబిస్తుంది, మనుషుల వేదికలకు ఇది సిగ్గుపడవలసిన విషయమే. కాని అదే ఓపికతో లేని కమాండ్‌ను కూడా ఉన్నట్టే చెబుతుంది, తప్పని గుర్తించే అనుభవం కొత్తవారికి ఉండదు. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, ప్రోగ్రామర్ల ప్రశ్నల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో దాని జవాబులను అతికించడాన్ని నిషేధించింది ఇందుకే. మీకు అది చెప్పిన కమాండ్ ముందు ‘సుడో’ (పూర్తి అధికారంతో నడపమనే మాట) అని ఉంటే, నడిపే ముందు ఒక మనిషిని అడగండి.

ప్రశ్న: సమస్య తీరిపోయాక ఆ వేదికలో మళ్ళీ ఏమైనా రాయాలా? థాంక్స్ చెప్పి వదిలేస్తే చాలదా?
– కడప

జవాబు: థాంక్స్ చెప్పండి, దానితో పాటు ఏం చేస్తే పనిచేసిందో రెండు వరుసల్లో రాయండి. ‘రీస్టార్ట్ చేశాను, వచ్చేసింది’ అన్నది కూడా పనికొచ్చే సమాచారమే. ఎవరూ జవాబివ్వకుండా మీరే పరిష్కరించుకున్నా సరే రాయండి, ఎందుకంటే మూడేళ్ళ తర్వాత అదే మోడల్ లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్న మరొకరికి వెతుకులాటలో మీ ప్రశ్నే మొదట దొరుకుతుంది. కింద ‘సరే, తీరిపోయింది’ అని మాత్రమే ఉండి, ఎలా తీరిందో లేకపోతే అర్ధరాత్రి వారు మిమ్మల్ని ఏమనుకుంటారో ఇక్కడ రాయలేం. ప్రశ్న శీర్షికలో ‘పరిష్కారమైంది’ అని చేర్చే వీలుంటే చేర్చండి. నరసరావుపేట పాఠకుడు కూడా వైఫై వచ్చాక అక్కడా రాయాలి, మాకూ ఒక కార్డు ముక్క పంపాలి.